ఆ మాట నేను విన్నాను

మా పనుల్లో ఒప్పందం అనే మాట ఎవరూ వాడరు. "పని మాట్లాడుకున్నం" అంటారు. ఇల్లు కట్టించుకునే మనిషి, పనిచేసే మనిషి ఇద్దరూ కలిసి ప్లాటంతా ఒక చుట్టు తిరుగుతారు. ఏ గదిలో ఎన్ని లైట్లు, ఫ్యాన్ ఎక్కడ, మోటర్ స్విచ్ ఎటువైపు, అన్నీ నిలబడ్డ చోటే వేలితో చూపించుకుంటారు. తర్వాత రోడ్డు మీదికొచ్చి చాయ్ తాగుతారు. పని మాట్లాడుకున్నట్టే. పటాన్‌చెరు, అమీన్‌పూర్ చుట్టుపక్కల ఇళ్లకు కరెంటు పని చేయబట్టి నాకు పద్దెనిమిదేళ్లు దాటింది. ఇన్నేళ్లలో నాకు కాగితం మీద రాసిచ్చినవాళ్లు నలుగురైదుగురికి మించి ఉండరు.

అలా నోటితో మాట్లాడుకున్న పనుల్లో నేనూ మోసపోయాను. అవి చెప్పుకుంటే వినేవాళ్లు అయ్యో అంటారు. కానీ ఒకసారి మోసం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. దాన్ని మొదటినుంచి చివరిదాకా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నన్ను ఈ పనిలోకి తెచ్చింది ఒక సెంట్రింగ్ మేస్త్రీ. స్లాబ్ పోసేముందు కింద రేకులు పరిచి, వాటికి జాకీలు, కర్రలు నిలబెట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక అన్నీ విప్పి తీసుకుపోయే పని ఆయనది. ఐటీఐ అయ్యాక నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేరాను. మూడేళ్లకు ఆ కాంట్రాక్టు పోయింది. ఏం చేయాలో తోచక బస్టాండు దగ్గర తిరుగుతున్నప్పుడు ఆయన కనబడ్డాడు. మా ఊరి మనిషే, మా నాయనతో కలిసి చిన్నప్పుడు కూలికి పోయినవాడు. నేను కాకా అని పిలిచేవాణ్ని.

"ఫ్యాక్టరీ పోతే పోనియ్. స్లాబుల కరెంటు పైపులేసుడు వస్తదా నీకు?" అని అడిగాడు.

"చూసిన కాకా. చెయ్యలే."

"చూస్తే చాలు. రేపు పొద్దుగాల రా."

ఆయన స్లాబ్ వేసే ప్రతి ఇంట్లో యజమానికి నన్ను చూపించి, "మా పిలగాడు, పని మంచిగ చేస్తడు" అని చెప్పేవాడు. అప్పటికి నేను ఒక్క ఇల్లు కూడా పూర్తిగా చేయలేదు. ఆయన మాట మీదే నాకు మొదటి ఏడెనిమిది ఇళ్లు దొరికాయి. మధ్యాహ్నం ఆయన, ఆయన భార్య, నేను ఒకే చోట కూర్చుని తినేవాళ్లం. ఆమె కూడా రేకులు మోసేది. జొన్నరొట్టెలు ఎప్పుడూ నా వంతు కలిపే తెచ్చేది. ఆయనకు చదువు రాదు. సంతకం మాత్రం నేర్చుకున్నాడు. కానీ ఏ స్లాబ్ ఏ రోజు పోశాడో, ఏ రోజు విప్పాలో, మూడు నాలుగు ఇళ్లవి ఒకేసారి తలలో పెట్టుకునేవాడు. అడిగితే ఆగకుండా చెప్పేవాడు.

కిష్టారెడ్డిపేట వైపు కొత్తగా పడ్డ ఒక లేఅవుట్‌లో ఒకాయన పక్కపక్కనే మూడు ప్లాట్లలో మూడు ఇళ్లు మొదలుపెట్టాడు. పాత రైతు కుటుంబం వాళ్లది. పొలం కొంత పోయింది, కొంత మిగిలింది. కిరాయిలకివ్వడానికి ఇళ్లు కడుతున్నాడు. కాకా ఆయన్ను "పటేలా" అనేవాడు, నేను "సార్" అనేవాణ్ని. మూడిళ్ల సెంట్రింగూ కాకాకే మాట్లాడాడు. మొదటి ఇంటి పునాది లేచినప్పుడు నన్ను పిలిచి, "ఈ మూడిండ్ల కరెంట్ పని నీదే. వేరేటోన్ని పిలువ. నువ్వు మాత్రం మధ్యల ఇడిసిపెట్టి పోవద్దు" అన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి మూడిళ్లంటే మూడేళ్ల పని. అప్పటికి నా భార్యకు ఏడో నెల. ఆ రోజు నేను బండి నడుపుకుంటూ ఇంటికి పోతూ, మూడిళ్లకూ ఎన్ని స్విచ్ బోర్డులు పడతాయో లెక్కేసుకుంటూ పోయాను.

మొదటి ఇంటికి కింద రోడ్డువైపు రెండు షాపులు. వాటి మీద, నాలుగడుగులు ముందుకొచ్చేలా బాల్కనీ. గోడలు ముందే లేపి వాటి మీద స్లాబ్ పోశారు. బాల్కనీ ముందుభాగానికి కింద గోడ ఉండదు కదా, దాని కింద జాకీలు వరుసగా నిలబెట్టారు. అవి సరిగ్గా షాపుల ముందు పడ్డాయి.

స్లాబ్ పోసి పన్నెండో రోజు అనుకుంటాను. ఆ పొద్దున నేను ఒక షాపు లోపల గోడకు కట్టర్ మిషన్‌తో పైపుల కోసం గాడి కొడుతున్నాను. బ్లేడు అరిగిపోతే మార్చడానికి మిషన్ ఆపి కింద కూర్చున్నాను. బయట కాకా, ఇంటాయన మాట్లాడుకుంటున్నారు. వాళ్లకూ నాకూ మధ్య షట్టర్ ఇంకా పెట్టని ఖాళీ మాత్రమే ఉంది.

"లోపలియి ఇయ్యాల రేపట్ల ఇప్పుత పటేలా. బయటియి మాత్రం ఇంకో పదిహేను దినాలు ఉండాలె," అంటున్నాడు కాకా.

"పదిహేను దినాలా? షాపు కిరాయికి తీసుకున్నాయన ముహూర్తం పెట్టుకున్నడు. షట్టరోళ్లు ఎల్లుండే వస్తుండ్రు. ఈ జాకీలు అడ్డముంటే ఎట్ల బిగిస్తరు?"

"షాపాయనకు నేను చెప్త. గాల్లె ఉన్న స్లాబు అది, జెర ఆగాలె."

"నీకు ప్రతిదానికి భయమే. సిమెంటు మంచిది ఏసినం, స్టీలు మంచిది ఏసినం. ఇప్పు."

కాకా పక్కనున్న జాకీ మీద చెయ్యి వేశాడు. తర్వాత, "ఏమన్న అయితే?" అన్నాడు.

"ఏమన్న అయితే నాది బాధ్యత. నేను చెప్తున్న గదా. నువ్వు ఇప్పు."

అంతలో ఇంటాయన ఇటు తిరిగాడు. నేను బ్లేడు చేతిలో పట్టుకుని ఆయన మొహం వంకే చూస్తున్నాను. ఆయన నన్ను చూశాడు, నా ఒళ్లో ఆగి ఉన్న మిషన్‌ను చూశాడు. బండెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు కాకా బయటి జాకీలు విప్పాడు. విప్పుతున్నంతసేపూ ప్రతి జాకీ దగ్గరా ఆగి, తల పైకెత్తి చూశాడు. షట్టర్లు వచ్చాయి. ఆ వెంటనే ఇటుక పనివాళ్లు బాల్కనీ అంచు మీద పిట్టగోడ కట్టడం మొదలుపెట్టారు. గోడ నడుము ఎత్తుకు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, మేం వెనక గదిలో తింటుండగా ముందునుంచి పెద్ద చప్పుడు వచ్చింది. పరుగెత్తి వచ్చి చూస్తే బాల్కనీ ముందుకు వంగిపోయి ఉంది. గోడ మొదట్లో చెయ్యి పట్టేంత పగులు. పిట్టగోడ సగం కిందపడి షట్టరు ముందు ఇటుకలు పోగుపడ్డాయి. ఆ ఇటుకలు పడ్డ చోట, పావుగంట ముందు కాకా భార్య నీడకని కూర్చుని, మేం రమ్మంటే లేచి లోపలికి వచ్చింది. ఆమె ఆ ఇటుకల వంక చూస్తూ నిలబడిపోయింది. ఎవరమూ ఆమెను కదిలించలేకపోయాం. చేతిలో సగం రొట్టె అట్లాగే ఉంది.

రెండు రోజుల తర్వాత ఇంటాయన తన ఇంటి వసారాలో పంచాయితీ పెట్టాడు. ప్లాను గీసిన ఇంజనీర్ వచ్చాడు. ఇంటాయనకు వరుసకు అన్న అయ్యే ఒక పెద్దమనిషి వచ్చాడు, పది మందిలో మాట చెల్లేవాడు. కాకా, ఆయన భార్య అరుగు కింద నిలబడ్డారు. నన్నూ రమ్మని ఇంటాయనే ఫోన్ చేశాడు. ఎందుకు పిలిచాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. స్లాబులో పైపులు వేసింది నేనే కదా, ఇంజనీర్ ఏమన్నా అడుగుతాడేమో అనుకున్నాను.

ఇంజనీర్ సూటిగా అడిగాడు. "బాల్కనీ సెంట్రింగ్ ఎన్ని రోజులకు విప్పారు?"

"పదమూడో దినం," అన్నాడు కాకా.

"ఇరవై ఒక్క రోజులన్నా ఉంచాలని తెలియదా?"

"తెల్సు సార్. ఇంక పదిహేను దినాలు ఉండాలెనని చెప్పిన. పటేల్ ఇప్పమన్నడు. బాధ్యత నాది అన్నడు. అందుకే ఇప్పిన."

అందరూ ఇంటాయన వైపు చూశారు. ఆయన కుర్చీలో కదలకుండా, నిదానంగా చెప్పాడు. "షట్టరోళ్లు వస్తుండ్రు, జల్దీ చూడుమని అన్న. అన్లేదని అంటలేను. కానీ ఎప్పుడు ఇప్పాలె, ఎప్పుడు ఇప్పొద్దు అనేది ఆయనకు తెల్వాలె. ముప్పై ఏండ్ల మేస్త్రీ ఆయన. బాధ్యత గిట్ల అని నేనేం అన్లే."

"అన్నవు పటేలా," అన్నాడు కాకా. గొంతు పెంచలేదు. "షాపు ముంగట నిలబడి అన్నవు."

పెద్దమనిషి అడిగాడు. "ఆ టైముల అక్కడ ఇంకెవరన్న ఉండెనా?"

కాకా నా వంక చూశాడు. బతిమాలే చూపు కాదది. దారిలో ఎవరైనా టైమెంతయిందని అడిగితే, పక్కనున్న మనిషి వంక తిరిగి చూస్తాం కదా, అట్లా చూశాడు. నేను చెప్తానన్న విషయంలో ఆయనకు అనుమానమే లేదు. ఇంటాయన కూడా నా వంకే చూస్తున్నాడు.

ఆ కొద్దిసేపట్లో నాకు ఏమేం తోచాయో ఇప్పటికీ గుర్తుంది. మిగిలిన రెండిళ్లు. నా భార్య నెలలు. ఫ్యాక్టరీ పోయాక బస్టాండులో తిరిగిన రోజులు. అవన్నీ నిజమే. కానీ అవి తోచకముందే నా నోరు తెరుచుకుంది.

"నేను లోపల గాడి కొడుతున్న సార్. మిషన్ చప్పుడుల నాకేం ఇనబడలే."

కాకా భార్య తల ఎత్తి నన్ను చూసింది. కాకా మాత్రం చూపు తిప్పుకున్నాడు.  తర్వాత కాకా భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకుని, "అయితే ఇది నాదే. కొత్తది నేనే చేసిస్త," అన్నాడు.

ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడు. వంగిన బాల్కనీని పెద్ద సుత్తెతో తానే పగలగొట్టాడు. ఆయన భార్య, ఇంకో ఇద్దరు మనుషులు ముక్కలన్నీ తట్టల్లో ఎత్తి వెనక పోశారు. పాత చువ్వలు సాపు చేసి, కొత్తవి కట్టి, మళ్లీ రేకులు పరిచారు. ఆ రోజుల్లో నేను అదే ఇంట్లో, లోపలి గదుల్లో వైర్లు లాగుతున్నాను. సుత్తె దెబ్బ పడ్డప్పుడల్లా గోడ నా చేతికి తెలిసేది. మధ్యాహ్నం తినేవేళ నేను బండి తీసుకుని బయటికి పోయేవాణ్ని. వాళ్లు పిలవలేదు. పిలిస్తే ఏం చేసేవాణ్నో తెలియదు.

బాల్కనీ లైటుకు పైపు వేయాల్సింది మళ్లీ నేనే. చువ్వల మీద ఆయనా నేనూ ఎదురెదురుగా వంగి కూర్చున్నాం. చేతులు తగిలేంత దగ్గర. నేను బైండింగ్ వైరు తిప్పుతూ, "కాకా, ఆ దినం..." అన్నాను.

"పైపు ఇంక రెండు ఇంచులు ఇటు జరుపు," అన్నాడాయన.

జరిపాను.

"కాకా..."

"ఇనబడలే అన్నవు. ఇనబడలే అంటే ఇనబడలే. ఇగ దాని గురించి మాట్లాడకు."

ఈసారి బాల్కనీ కింద జాకీలు నెల రోజులు ఉన్నాయి. షాపు ముహూర్తం కూడా ఆయన విప్పినదాకా ఆగింది. ఇంటాయన ఒక్కసారి కూడా జల్దీ అనలేదు.

ఆ మధ్యలోనే నాకు కూతురు పుట్టింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన వారానికి నా భార్య అడిగింది. కాకా ఇంట్లోంచి ఎవరూ బిడ్డను చూడటానికి రాలేదేమని. నేను జరిగినదంతా చెప్పాను. ఆమె బిడ్డను ఒళ్లో ఊపుతూ విని, "నీకు నిజంగ ఇనబడలేదా?" అంది.

"ఇనబడ్డది."

"మరి రేపు పోయి చెప్పు."

పోతాననే అన్నాను. ఆ రేపు రావడానికి రెండేళ్లకు పైనే పట్టింది.

ఇంటాయన నాకిచ్చిన మాట తప్పి ఉంటే నా పని సులువయ్యేది. ఆయన తప్పలేదు. మొదటిల్లు అయ్యాక రెండోది పిలిచి అప్పగించాడు. పైసలు ఎప్పుడూ రెండోసారి అడిగించుకోలేదు. కూతురు పుట్టిందని తెలిసి బట్టలు పెట్టి పంపాడు. ఆ బట్టలు బిడ్డకు వేసినప్పుడల్లా నేను ఇంట్లోంచి బయటికి పోయేవాణ్ని. రెండో ఇంటి సెంట్రింగ్ మాత్రం వేరే మేస్త్రీకి మాట్లాడాడు.

కాకాకు పనులు తగ్గాయి. ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు, ఫోన్లు చేయడం మానుకున్నారంతే. లేఅవుట్లలో ఇల్లు కట్టేవాళ్లంతా చాయ్ దగ్గర ఒకర్నొకరు అడుగుతారు. "ఆయన వేసిన బాల్కనీ పడిపోయింది" అన్న ఒక్క మాట చాలు. ఆయన కొన్నాళ్లు సంపుల మూతలు, దర్వాజాల మీది సజ్జలు లాంటి చిన్న పనులు చేశాడు. తర్వాత ఇంకో మేస్త్రీ దగ్గర రోజు కూలికి పోయాడు. ఆయన భార్య సుల్తాన్‌పూర్ వైపు ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతోందని విన్నాను. ఒకరోజు పటేల్‌గూడ రోడ్డు మీద ఒక కిరాయి షాపువాళ్ల ట్రాలీ ఆటో నన్ను దాటిపోయింది. దాని నిండా సెంట్రింగ్ రేకులు. ఒక్కో రేకు మూలకు ఎర్రరంగుతో అడ్డంగా రెండు గీతలు. అవి కాకావి. వేరేవాళ్ల రేకులతో కలిసిపోకుండా ఆయన వేసుకునే గుర్తు అది. సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే షాపువాళ్లకు అమ్మేశాడని అప్పుడు తెలిసింది. నేను బండి పక్కకు ఆపి, ఆటో కనబడకుండా పోయినదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు పటేల్‌గూడలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇల్లు కడుతోందని ఎవరో చెబితే కరెంటు పని మాట్లాడుకోవడానికి పోయాను. భర్త లేడు, పిల్లలు దూరంగా ఉద్యోగాల్లో ఉన్నారు. ఎండలో గొడుగు వేసుకుని, చేతిలో పొడుగు నోటుబుక్కు పట్టుకుని అన్నీ తానే చూసుకుంటోంది. నా పని గురించి అడగాల్సినవన్నీ అడిగింది. ఇంతకుముందు ఎక్కడెక్కడ చేశావంటే చెప్పాను. కిష్టారెడ్డిపేట ఇంటి సంగతి వచ్చేసరికి ఆమె రాస్తున్నది ఆపింది.

"అక్కడ బాల్కనీ పడిపోయిందట కదా. ఆ మేస్త్రీ పేరు నాకు ఇద్దరు చెప్పారు. ఒకరేమో అంత నమ్మకస్తుడు దొరకడన్నారు. ఇంకొకరు వద్దన్నారు. మీరు అక్కడే ఉన్నారుగా. అసలేమైంది?"

నా భార్య తప్ప ఎవరూ నన్ను అట్లా సూటిగా అడగలేదు అప్పటిదాకా. వసారాలో పెద్దమనిషి కూడా, ఇంకెవరన్నా ఉన్నారా అని గాలిలోకే అడిగాడు.

"ఆయన తప్పు లేదు మేడమ్," అన్నాను. "ఇంక పదిహేను రోజులు ఉండాలని ఆయన చెప్పిండు. ఇంటాయనే బాధ్యత నాది, ఇప్పు అన్నడు. నేను ఇన్న."

"మరి పంచాయితీలో ఆ సంగతి రాలేదా?"

"వచ్చింది. నన్ను చూసిండ్రు. మిషన్ చప్పుడుల ఇనబడలే అని చెప్పిన. అప్పుడు మిషన్ నడుస్తలేదు."

 "ఎందుకలా చెప్పారు?"

"ఆయన దగ్గర నాకింకా రెండిండ్ల పని ఉండె."

ఆమె నోటుబుక్కు మూసింది. "ఆ మేస్త్రీని రేపు ఒకసారి రమ్మనండి. మీ సంగతి ఆలోచించుకుని చెప్తాను."

ఆ కబురు మోసుకుని ఆ సాయంత్రమే కాకా ఇంటికి పోయాను. రెండేళ్లుగా ఆ వీధిలోకి పోలేదు. రేకులు పేర్చి ఉండే చోట ఇప్పుడు చీరలు ఆరేసి ఉన్నాయి. ఆయన ఇంకా రాలేదు. ఆమె అప్పుడే కంపెనీ బస్సు దిగి వచ్చినట్టుంది, గుమ్మంలో కూర్చుని కాళ్లు ఒత్తుకుంటోంది. నన్ను చూసి లేవలేదు.

"చిన్నమ్మా," అని పిలిచి, నిలబడే అంతా చెప్పాను. ఆ రోజు విన్నది, వసారాలో చెప్పిన అబద్ధం, పొద్దున టీచరమ్మతో అన్నది. ఆమె అడ్డు చెప్పకుండా విన్నది.

"నువ్వు ఇన్నవని మాకు తెల్వదా ఏంది," అంది చివరికి. "ఆయన ఆ దినం ఇంటికొచ్చి ఏమన్నడో ఎర్కేనా? పిలగానికి పరేషాన్ ఉన్నది, పోనీ అన్నడు. నాకు మాత్రం పోలే. నేను అక్కడ కూసున్న జాగల ఇటుకలు పడ్డయి. నాకింకా కండ్లల్ల ఉన్నయి."

నేను తల వంచుకుని నిలబడ్డాను.

"ఆ దినం చెప్పవలె ఈ మాట. నా ముంగట గాదు, ఆళ్ల ముంగట."

ఆమె లోపలికి పోయింది. మళ్లీ వస్తుందో రాదో తెలియలేదు. కాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది, నా చేతికి ఇవ్వలేదు. తాగి, కాకా రాకముందే వచ్చేశాను. టీచరమ్మ కబురు మాత్రం రెండుసార్లు చెప్పి వచ్చాను.

మర్నాడు ఇంటాయన దగ్గరికి పోయాను. వేరేవాళ్ల నోట వినేకంటే నేనే చెప్పడం మంచిదనిపించింది. అప్పటికి రెండో ఇంటి పని అయిపోవస్తోంది. ఆయన సైట్‌లోనే ఉన్నాడు. జరిగింది జరిగినట్టు నేను బయట చెప్పానని, పెద్దమనిషికీ చెప్పబోతున్నానని అన్నాను.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన ఇసుక కుప్ప మీద చెయ్యి ఆనించి నిలబడి, "నువ్వు ఇన్నవని నాకు తెల్సు. నువ్వు నా మొఖం చూసినవ్, నేను నీ మొఖం చూసిన," అన్నాడు. మళ్లీ తనే అడిగాడు. "నీకు నేనేం తక్కువ చేసిన చెప్పు?"

"ఏం తక్కువ చెయ్యలే సార్."

"మరి?"

 ఆయన చేతికంటిన ఇసుక దులుపుకుని, "మూడో ఇల్లు సంగతి మల్ల చూద్దాం" అన్నాడు. మా పనుల్లో మళ్లీ చూద్దాం అంటే లేదనే. నేను నా సామాన్లు తీసుకుని బయల్దేరుతుంటే వెనకనుంచి అడిగాడు, "ఆయన ఇప్పుడు ఏం పని చేస్తుండు?" కూలికి పోతున్నాడని చెప్పాను. రేకులు అమ్ముకున్నాడని కూడా చెప్పాను. 

పెద్దమనిషి దగ్గరికీ పోయాను. ఆయన విని, "అప్పుడొకటి చెప్పినవ్, ఇప్పుడొకటి చెప్తున్నవ్. ఇందుల ఏది నిజమని పట్టుకోవాలె?" అన్నాడు. ఇదే నిజమని చెప్పాను. ఆయన సరే అన్నాడు గానీ, నమ్మాడో లేదో తెలియదు. ఎవరితోనైనా అన్నాడో లేదో కూడా తెలియదు.

టీచరమ్మ నుంచి నాకు ఫోన్ రాలేదు. పది రోజుల తర్వాత అటుగా పోతూ చూస్తే, పునాది దగ్గర ఇంకెవరో ఎర్తింగ్ గొయ్యి తవ్విస్తున్నాడు. భుజాన వైరు చుట్ట ఉంది. నా పని పోయిందని అర్థమైంది. కానీ ప్లాటు ముందు సెంట్రింగ్ రేకులు దిగి ఉన్నాయి. కిరాయికి తెచ్చినవి. వాటి పక్కన కాకా జాకీలు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు. నేను ఆగలేదు. నిజం చెప్పిన మనిషికి పని ఇవ్వలేదని ఆమె మీద కోపం పెట్టుకోవాలని చూశాను. కుదరలేదు. ఆమె చోట నేనున్నా అదే చేసేవాణ్ని.

ఆ తర్వాత కొన్నాళ్లు నాకు కొత్త ఇళ్లు దొరకలేదు. మోటర్లు బాగుచేయడం, షాపుల్లో బోర్డులు మార్చడం, అపార్ట్‌మెంట్లలో పాడైన స్విచ్చులు చూడటం. ఇప్పటికీ ఎక్కువగా అవే చేస్తున్నాను. నా భార్య ఒక్కమాట అనలేదు. ఇంటి పక్కన పిల్లలకు ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం పొద్దున కాకా మా ఇంటికి వచ్చాడు. బిడ్డను చూడటానికి ఎవరూ రాలేదని నా భార్య అడిగిన నాటి నుంచి ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. బిడ్డ అప్పటికి పరుగెత్తుతోంది. ఆయన దాన్ని పిలవలేదు గానీ, అది ఎటు పోతే అటు చూశాడు. నా భార్య చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఆయన చొక్కా లోపలినుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడిచిన కాగితం నా చేతిలో పెట్టాడు.

"టీచరమ్మ రాసిచ్చింది. స్లాబుకు ముందు సంతకం పెట్టాలెనట. నీకు నమ్మకమున్నోళ్లతోని సదివించుకొని పెట్టు అన్నది."

ఆయన వీధిలో చదువొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట నాలోనే ఉంచుకుని కాగితం విప్పాను. తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, రెండు పేజీలు రాసిందామె. ఏయే స్లాబులు, ఏ కొలతలు, సామాను ఎవరు తెస్తారు అని వరసగా ఉంది. ఒక్కో వాక్యం చదివి ఆగేవాణ్ని. ఆయన తలూపితే తర్వాతిది. రెండో పేజీలో ఒకచోట ఇలా ఉంది. సెంట్రింగ్ విప్పే రోజు మేస్త్రీ చెప్పాలి, ఇంజనీరు సరేనని రాసివ్వాలి, అంతకుముందు విప్పమని ఇంటి యజమాని చెప్పినా మేస్త్రీ వినకూడదు, విననందుకు యజమాని పని మాన్పించకూడదు.

"అది మల్లొకసారి సదువు," అన్నాడు.

చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"నువ్వు సదివింది, అందుల ఉన్నది, రెండు ఒక్కటేనా?"

ఆ ప్రశ్న ఆయన ఎత్తిపొడుపుగా అడగలేదు. చదువురాని మనిషి ఎవర్నయినా అడగాల్సిన ప్రశ్నే అది. అయినా జవాబు చెప్పేముందు నేను ఆ నాలుగు వరుసలూ మళ్లీ మొదటినుంచి, వేలు పెట్టి, నాలో నేను చదువుకున్నాను.

"ఒక్కటే కాకా."

ఆయన పెన్ను అడిగాడు. తేవడానికి లేచాను. నా భార్య చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చాయ్ పక్కకు జరిపి, కాగితాన్ని మోకాలి మీద సాపు చేసుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ తన పేరు రాసుకున్నాడు.